గ్రంథాలయములు - నిరుద్యోగ యువజనులు

హైదరాబాదునందలి చిక్కడపల్లి గ్రంథాలయమునకుఁ బోయి చూచినవారికి మన నిరుద్యోగసమస్య యెట్టిదో వేఱొకరు చెప్ప నక్కఱలేదు. జిల్లాలనుండి వచ్చిన పట్టభద్రులు తమ పుస్తకములు తామే తెచ్చుకొని సర్కారు కొలువుల పరీక్షలకై రాత్రివఱకుఁ జదువుచుందురు. వారికి గ్రంథాలయ మొసఁగునవి బల్ల, దీపము, నిశ్శబ్దము. ఇరుకు గదులలోఁ గాపుర ముండువారి కివి చిన్న మేళ్లు కావు. కాని యింతటితో గ్రంథాలయధర్మము తీఱినట్లేనా?

తెలంగాణమున 2022లోఁ బ్రకటింపఁబడిన గ్రూపు 1 కొలువులు 503. వానికి దరఖాస్తు పెట్టినవారు సుమారు 3,80,000. ప్రశ్నపత్రములు బయటఁ బడుటచేఁ బ్రాథమికపరీక్ష 2023 మార్చిలో రద్దయ్యెను. జూనులో మరల జరిపినదానిని సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసెను. ఈ యక్రమమునకుఁ గలిగిన యాగ్రహము న్యాయమైనదే. అయినను బరీక్ష నిర్దోషముగ జరిగినను 503 గురికి మించి కొలువు దొరకదు గదా! తక్కినవారికి దారి చూపువా రెవరు? ధనవంతుఁడు రుసుము చెల్లించి సలహా కొనుక్కొనును. పేదవాని కున్నది గ్రంథాలయ మొక్కటే.

న్యూయార్కు సార్వజనిక గ్రంథాలయమున ఉద్యోగార్థి సలహాదారునితో ముఖాముఖిగఁ గూర్చుండి తన విద్యకుఁ దగిన వృత్తి యేదో విచారించుకొనవచ్చును, దరఖాస్తు దిద్దించుకొనవచ్చును, ఇంటర్వ్యూకు అభ్యాసము చేయవచ్చును. దీనికి రుసుము లేదు. ఇది పరదేశపు విలాసమని త్రోసివేయరాదు. 1914లో బెజవాడను ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పినవారును, 1935లోఁ గాలువపైఁ బడవలోఁ బుస్తకములు పంపిన పాతూరి నాగభూషణముగారును పాఠకుఁడు వచ్చునందాఁక వేచియుండలేదు. అతని యవసర మున్నచోటికే పోయిరి. నేఁటి పాఠకుని యవసరము జీవనోపాధి.

సొమ్మేదని యడుగుదురు. 1960 నాఁటి చట్టము ననుసరించి యింటిపన్నుపై రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయపు సెస్సును బ్రజలు చెల్లించుచునే యున్నారు. వసూలైన సొమ్మును స్థానికసంస్థలు సకాలమున గ్రంథాలయములకు ముట్టఁజెప్పవన్నది చిరకాలపు ఫిర్యాదు. ఆ బాకీ తీర్చుటయే మొదటి పని. గ్రంథపాలకులు చాలరనుట నిజమే. అట్లైన ఉపాధి కార్యాలయపు టుద్యోగి వారమున కొకదినము గ్రంథాలయమునఁ గూర్చుండరాదా? ఐ.టి.ఐ. బోధకులను, విశ్రాంత యింజనీర్లను, బ్యాంకు వారిని బిలువరాదా? అప్రెంటిసు శిక్షణకు ఖాళీ లెచ్చట నున్నవో గోడపై వ్రాసి పెట్టుటకు ఎంత వ్యయమగును?

సలహా కొలువులను సృజింపఁజాలదు. ఆ భారము ప్రభుత్వములదే. దానిని గ్రంథపాలకునిపైఁ ద్రోయుట యన్యాయము. కాని యొక్కటే ద్వారమును బట్టుకొని యిరువదియైదవ యేఁటినుండి ముప్పదియైదవ యేఁటివఱకు వేచియుండు యువకునికి వేఱు ద్వారములు గలవని సకాలమునఁ జెప్పినయెడల నాతని జీవితమునఁ బదియేండ్లు మిగులును. దేశమున కంతకు మించిన ధన మేమున్నది?