పోలైన ఓట్ల లెక్క ఎవరిని అడగాలి?

మీరు సూరత్‌లోని నవాగామ్‌లో ఉంటున్నారా? అయితే ఈ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2024 ఏప్రిల్ 22న సూరత్ లోక్‌సభ స్థానంలో పోలింగు జరగకుండానే ఒక అభ్యర్థి గెలిచినట్లు ప్రకటించారు. ముఖ్యమైన ప్రత్యర్థి నామినేషను చెల్లలేదు. మిగిలినవారు పోటీ నుండి తప్పుకున్నారు. అక్కడ లెక్కపెట్టడానికి ఒక్క ఓటు కూడా లేదు. డిండోలి, నవాగామ్ ప్రాంతం నవ్‌సారి నియోజకవర్గంలో ఉంది కాబట్టి మీ వాడవాళ్ళు మే 7న ఓటు వేయగలిగారు. వేసిన వారికి మరో ప్రశ్న మిగిలింది. మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయి?

ఆ ఎన్నికల్లో ఈ ప్రశ్న దేశమంతటా వినిపించింది. మొదటి విడత పోలింగు ఏప్రిల్ 19న జరిగింది. ఆ రాత్రి ఎన్నికల సంఘం సుమారు 60 శాతం అని చెప్పింది. ఏప్రిల్ 30న 66.14 శాతం అని చెప్పింది. పదకొండు రోజుల్లో ఇంత ఎలా పెరిగింది? ఇది మోసమేనని కొందరు అన్నారు. నేను అలా అనుకోను. ఆ రాత్రి చెప్పేది అంచనా మాత్రమే. గడువు ముగిసేసరికి వరుసలో ఉన్నవారందరికీ చీటీలు ఇచ్చి ఓటు వేయనిస్తారు. (చీటీలు పంచడం వరుసలో చివరి మనిషి నుండి మొదలుపెడతారు. వెనుక వచ్చి ఎవరూ చేరకుండా ఈ ఏర్పాటు.) 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటాక కూడా ఓట్లు పడ్డాయి. అంకె పెరగడం సహజమే. పదకొండు రోజుల ఆలస్యం మాత్రం సహజం కాదు. పైగా శాతం చెప్పి, ఓట్ల సంఖ్య చెప్పకపోవడం ఏమిటి? శాతాలతో ఎవరూ గెలవరు కదా!

అసలు సంఖ్య ఎక్కడ పుడుతుందో గమనించండి. పోలింగు ముగియగానే ప్రిసైడింగ్ అధికారి 17సి అనే ఫారం నింపుతారు. యంత్రంలో ఎన్ని ఓట్లు నమోదయ్యాయో అందులో రాస్తారు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం, అప్పుడు అక్కడ ఉన్న ప్రతి అభ్యర్థి ఏజెంటుకూ దాని నకలు ఇవ్వాలి. లెక్కింపు రోజున యంత్రం చూపే మొత్తాన్ని ఆ కాగితంతో పోల్చుతారు. రెండూ సరిపోవాలి.

సాంచాలు నడిపే వారికి ఇది కొత్త సంగతి కాదు. నేసిన మీటర్లు సేటు పుస్తకంలో ఉంటాయి. అయినా మన మీటర్లు మనం రాసి పెట్టుకుంటాం. కూలి ఇచ్చే రోజున రెండు పుస్తకాలూ కలిపి చూస్తాం. అలా చూసినంత మాత్రాన సేటును దొంగ అన్నట్లు కాదు.

17సి వివరాలను అందరికీ కనిపించేలా పెట్టాలని 2024లో కొన్ని పౌర సంస్థలు సుప్రీంకోర్టును కోరాయి. ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు. ఎన్నికలు జరుగుతుండగా జోక్యం చేసుకోబోమని మే 24న కోర్టు చెప్పింది. మరునాడే సంఘం మొదటి అయిదు విడతల ఓట్ల సంఖ్యలను నియోజకవర్గాల వారీగా ప్రకటించింది. ఇవ్వగలిగిన లెక్కను మొదటే ఇచ్చి ఉంటే సగం అనుమానాలు పుట్టేవే కావు. పోలింగు కేంద్రాల వారీ కాగితాలను కూడా ప్రజల ముందు పెట్టాలని నా అభిప్రాయం.

నాయకుల అనుమానాల సంగతి వేరు. 2019లో ఈవీఎంలను గట్టిగా ప్రశ్నించినవారు చంద్రబాబు నాయుడు. ఆయన, ఇతర పార్టీల నాయకులు కోర్టుకు వెళ్ళారు. అందువల్లనే ప్రతి అసెంబ్లీ స్థానంలో ఒకటికి బదులు అయిదు కేంద్రాల వీవీప్యాట్ చీటీలను లెక్కించే పద్ధతి వచ్చింది. 2024లో ఓడిపోయాక కాగితపు బ్యాలెట్లు కావాలన్నవారు జగన్‌మోహన్ రెడ్డి. గెలిచిన ఏడు యంత్రం మంచిది, ఓడిన ఏడు చెడ్డది! ఫలితం వచ్చాక పుట్టే అనుమానం కంటే, పోలింగు నాటి రాత్రి చేతికి వచ్చే కాగితం విలువైనది.

ఆ కాగితం తీసుకోవాలంటే ఏజెంటు చివరి వరకు కూర్చోవాలి. ఈసారి మీ వాడలో ఏ పార్టీ ఏజెంటైనా కనబడితే 17సి నకలు తీసుకుంటారా అని ముందే అడగండి. పోలింగు మరునాడు వెళ్ళి, మీ కేంద్రంలో ఎన్ని ఓట్లు పడ్డాయో ఆ కాగితం చూసి చెప్పమనండి.