అటక మీది నల్ల కంబళి

చలి మొదలయ్యేసరికి ప్రొద్దుటూరు బజారులో రగ్గులు రంగురంగులుగా వేలాడుతుంటాయి. పట్టుకుంటే దూదిలా మెత్తన, మడిస్తే చంకలో ఇమిడిపోతాయి, ధర కూడా అందుబాటులోనే. అలాంటిది ఒకటి ఇంటికి రాగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఏమిటో తెలుసా? అటక మీది పాత నల్ల కంబళిని దించి, స్టీలు సామాన్లవాడికి ఓ గిన్నె కోసం ఇచ్చేయడం! "గరుకుగా ఉంది, గుచ్చుకుంటోంది, గొర్రె వాసన" అని సాకులు. ఇచ్చేముందు ఒక్కమాట వినండమ్మా. ఆ గిన్నె ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఆ కంబళి మళ్ళీ దొరకడం కష్టం.

జమ్మలమడుగు, పులివెందుల వైపు మెట్ట పల్లెల్లో గొర్రెలు కాసేవాళ్ళకు కంబళే అన్నీ. రాత్రి పడక, పొద్దున కప్పు. వాన వస్తే ఒక కొస మడిచి నెత్తిన వేసుకుంటే అదే టోపీ, అదే గొడుగు. నూలు దుప్పటి తడిస్తే ఒంటికి అంటుకుపోయి వణికిస్తుంది. ఉన్ని అలా కాదు. తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా చేతికి తడి తెలియదు.

ఈ కంబళి వెనక ఎంత పని ఉందో చూడండి. దక్కనీ జాతి గొర్రెల ఉన్నిని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. దాన్ని ఏకి, కురుబల ఇళ్ళల్లో ఆడవాళ్ళు వడికితే, మగవాళ్ళు గుంటమగ్గం మీద నేస్తారు. చింతగింజలు నానబెట్టి, నూరి, ఉడికించిన గంజిని పడుగుకు పట్టిస్తారు. అందుకే కొత్త కంబళి అట్టలా బిరుసుగా ఉండి, వాన నీటిని జారవిడుస్తుంది. నలుపు కూడా చాలావాటిలో అద్దకం కాదు, గొర్రె రంగే. ఇక వెలవడమెక్కడ?

ఇంకో రహస్యం ఉంది. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. తడి, వేడి, రాపిడి తగిలితే అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. మగ్గంతో పనిలేకుండా ఇలా ఉన్నిని చిక్కబరిచి చేసేదే ఫెల్టు. మన కంబళి నేసినదే అయినా, వాడేకొద్దీ ఫెల్టులాగే చిక్కబడుతుంది. దొరల ఫెల్టు టోపీలదీ ఇదే కథ. బీవరు, కుందేలు బొచ్చుతో చేసిన పాత టోపీలను నేటికీ వెతికి కొనేవాళ్ళున్నారు. అలాగని పాతదంతా బంగారమూ కాదు. ఆ బొచ్చును పదును చేయడానికి పాదరసం వాడి, పనివాళ్ళు చేతులు వణికే జబ్బున పడేవారు. అమెరికాలో ఆ పద్ధతిని 1941లో నిషేధించారు. మన కంబళికి అలాంటి పాపం లేదు, చింతగింజల గంజే!

మరి కొత్త రగ్గుల సంగతి? చాలావరకు యాక్రిలిక్, పాలిస్టరు. కొన్నిటిలో పాత ఉన్ని బట్టలను చీల్చి మళ్ళీ వడికిన నూలు ఉంటుంది. హర్యానాలోని పానిపట్ మిల్లులు దీనికే పేరు పొందాయి. చీల్చినప్పుడు పోగులు తెగి పొట్టివవుతాయి. పొట్టి పోగు తొందరగా ఊడిపోతుంది, ఉండలు కడుతుంది. తేలిక, ఉతకడం సులువు అనే మంచి గుణాలు కొత్తవాటికి ఉన్నాయి, కాదనను. కానీ పొయ్యి దగ్గర జాగ్రత్త! నిప్పు అంటుకుంటే ఇవి కరిగి చర్మానికి అతుక్కుంటాయి. ఉన్ని అంత తేలిగ్గా మండదు.

ఏది అసలు ఉన్నో తేల్చుకోవాలంటే అంచు నుంచి ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్ళెం మీద అగ్గిపుల్లతో అంటించండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. జుట్టు కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోయి, బూడిద వేళ్ళ మధ్య పొడైతే ఉన్ని. కరిగి గట్టి నల్లపూసలా మిగిలితే యాక్రిలిక్.

గుచ్చుకోవడం లోపం కాదు. మెరినో ఉన్ని పోగు మందం సుమారు 20 మైక్రాన్లయితే, మన దక్కనీది 30 దాటుతుంది. లోపల పాత నూలు చీర వేసి కప్పుకోండి, సరిపోతుంది. వేడినీళ్ళలో నానబెట్టకండి, బండకేసి బాదకండి, ముడుచుకుపోతుంది. మాటిమాటికీ ఉతికితే గంజి పోయి వానకు ఆగదు. ఎండలో దులిపి, వేపాకు వేసి, నూలుగుడ్డలో చుట్టి దాచండి. చిరుగుపడితే ఉన్ని దారంతోనే కుట్టండి.

కంబళి దొరకడం కష్టమని ఎందుకన్నానంటే, గొర్రే మారిపోతోంది. మాంసానికి గిరాకీ పెరిగి నెల్లూరు జాతి గొర్రెలు వచ్చాయి. వాటికి ఉండేది వెంట్రుకే, ఉన్ని కాదు. కత్తిరింపు కూలి కూడా గిట్టక, ఉన్నిని పారేసే కాపరులూ ఉన్నారు. అడిగేవాళ్ళు లేకపోతే నేసేవాళ్ళెక్కడుంటారు? సరిహద్దు దాటితే కర్ణాటకలో చళ్ళకెర కంబళ్ళకు పేరున్న ఊరు. అటు వెళ్ళేవాళ్ళుంటే ఒకటి తెప్పించుకోండి.

ధర ఎక్కువేనమ్మా. అయితే ఎన్ని రూపాయలని కాక, ఎన్నేళ్ళు వస్తుందని లెక్కేయండి. అత్తగారు కప్పుకున్నది మీ మనవడికీ పనికొస్తే, అంతకంటే చౌక బేరం ఏ బజారులో దొరుకుతుంది చెప్పండి?