పట్టుదల ఒక్కటే చాలదు

ప్రశ్న: మావారికి రోజూ కల్లు తాగే అలవాటు. రెండుసార్లు ఒట్టు వేసి మానేశారు. మూడో రోజుకే వణుకు, నిద్రలేమి, మళ్ళీ మొదలు. ఆయనకు పట్టుదల లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, మెదక్

జవాబు: కాదు. పరీక్షకు చదివేవాడికి పట్టుదలంటే పుస్తకం వదలకపోవడం. వ్యసనం మానేవాడికి పట్టుదలంటే ఆసుపత్రి మెట్లెక్కడం. కొన్నిచోట్ల కల్లులో డయాజిపామ్, అల్ప్రజోలం వంటి మత్తుమందులు కలుపుతారు. వాటికి అలవాటుపడ్డ శరీరం, అవి ఒక్కసారిగా ఆగిపోతే ఎదురుతిరుగుతుంది. 2015లో నిజామాబాద్ జిల్లాలో కల్తీ కల్లు దొరకక ఎందరో మూర్ఛలు, భ్రమలతో ఆసుపత్రుల పాలయ్యారు. కనుక హఠాత్తుగా మాన్పించకండి. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి, వారి పర్యవేక్షణలో క్రమంగా మాన్పించండి. ఫిట్స్ వస్తే క్షణం ఆగవద్దు. ఆయన్ను దెప్పకండి, తోడు వెళ్ళండి.