అత్తకి వచ్చిన జబ్బు పేరు పుస్తకంలో వేయండి

మన ఇంటి వంశవృక్షం ఈసారి తేరు పండుగకి పుస్తకంగా అచ్చు వేయించాలని పెద్దలు తీర్మానం చేసినారు. సంతోషం. పదకొండు తరాల మగవాళ్ళ పేర్లు ఉన్నాయి. గోత్రం ఉంది, ఇంటిపేరు ఎట్లా వచ్చిందో ఉంది, ఏ కరువులో ఊరు వదిలి హోసూరు పక్కకి వచ్చినారో ఉంది. ఎవరు ఎన్ని ఎకరాలు అమ్ముకున్నారో కూడా ఉంది. మా మేనత్త గురించి మాత్రం మా తాత పేరు కింద ఒక్క ముక్క: "ఆడ సంతానం 1, 2009లో అనారోగ్యంతో స్వర్గస్థులు".

ఆ అనారోగ్యానికి పేరు ఉంది. రొమ్ము క్యాన్సర్. 46 ఏళ్ళకి బయటపడింది, 48కి పోయింది. ఆమె పేరు, జబ్బు పేరు, ఈ రెండు అంకెలు పుస్తకంలో వేయమని అడిగినాను. వద్దన్నారు. వాళ్ళు చెప్పిన కారణాలు ఒక్కటి కూడా నిలబడవని నా వాదన. నేను కన్నడ మీడియంలో చదివినదాన్ని, తెలుగు అక్షరాలు ఇంట్లో అవ్వ దగ్గర నేర్చుకున్నాను. భాష దిద్దుకుని చదవండి, విషయం మాత్రం దిద్దొద్దు.

మొదట చెప్పిన కారణం, "ఆమె ఇచ్చేసిన ఆడబిడ్డ, ఆమె జబ్బు అత్తగారింటి లెక్క". గోత్రం పెళ్ళితో మారుతుంది గాని రక్తం మారదు కదా. రొమ్ము క్యాన్సర్‌లో ఎక్కువ భాగం వంశంలో వచ్చేది కాదు. నూటికి అయిదు నుంచి పది మందికి మాత్రం పుట్టుకతో వచ్చిన జన్యువు కారణం. వాటిలో పేరున్నవి బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2. 1994, 95లలో వీటిని గుర్తించినారు. అవి ఉన్న మనిషి నుంచి బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం, ఆడబిడ్డ అయినా మగబిడ్డ అయినా. మగవాడికి జబ్బు రాకపోయినా కూతురికి అందించగలడు. అంటే మా మేనత్తకి ఉంటే మా నాయనకీ ఉండొచ్చు, నాకూ ఉండొచ్చు. ఉందని నేను అనడం లేదు. చూసుకోవాలంటే ముందు తెలియాలి అంటున్నాను. ఇంకొకటి, మన ఇళ్ళలో మేనరికాలు ఎన్ని! అమ్మ వైపు, నాయన వైపు అని వేరు చేసేదానికి చాలా ఇళ్ళలో రెండు వైపులే లేవు.

పోయిన ఏడు నాకు ఒక గడ్డ తగిలింది. బెంగళూరులో చూపించుకున్నాను, భయపడాల్సింది కాదన్నారు. ఆ డాక్టరమ్మ కన్నడంలో అడిగిన మొదటి ప్రశ్న: మీ అమ్మ వైపు, నాన్న వైపు ఎవరికైనా వచ్చిందా, ఎన్నో ఏట వచ్చింది? బయటికి వచ్చి నాయనకి ఫోన్ చేస్తే, "మన ఇంట్లో అట్లాంటిదేమీ లేదమ్మా" అన్నారు. సొంత అక్క గురించి! ఆయన అబద్ధం చెప్పాలని చెప్పలేదు. పదిహేనేళ్ళుగా అందరూ కలిసి చెప్పిన మాట అలవాటైపోయింది, అంతే.

వయసు ఎందుకు అడుగుతారంటే, తల్లికో అక్కచెల్లెళ్ళకో జబ్బు ఎన్నో ఏట బయటపడిందో దానికి పదేళ్ళ ముందు నుంచే పరీక్షలు మొదలుపెట్టమని డాక్టర్లు చెప్తారు. అత్త కూతురికి ఆ లెక్కన 36. మా వదిన అది దాటి నాలుగేళ్ళయింది. మీరు పుస్తకంలో వేయనంటున్న ఆ 46 ఆమెకి ఒక తారీఖు. అవ్వ చెల్లెలు ఒకామె కూడా "ఎదలో పుండు"తో పోయిందని చిన్నప్పుడు విన్నాను. అది ఏమిటో, ఎన్నో ఏటనో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. రెండు చోట్ల ఒకే తప్పు కనిపించి, రెండిటినీ "మామూలే" అని మూసేస్తే మూడోది ఎవరి నెత్తిన పడుతుందో మాకు బాగా తెలుసు.

రెండో కారణం: "పిల్లలకి సంబంధాలు రావు". ఈ భయాన్ని నేను ఎగతాళి చేయను. మన పక్క నక్షత్రం, కుజదోషం, చివరికి ఇంటి వాకిలి దిక్కు కూడా అడిగేవాళ్ళు ఉన్నారు, ఇదీ అడుగుతారు. కానీ లెక్క వేసి చూడండి. 2022లో మన దేశంలో కొత్తగా 1,92,000 మంది ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98,000 మంది పోయినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అంచనా. మన దేశపు ఆడవాళ్ళలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. సంబంధం అడగను వచ్చే ఇంట్లో కూడా ఒక "అనారోగ్యంతో స్వర్గస్థులు" ఉంటుంది. వాళ్ళు దాస్తారు, మనం దాస్తాము, మధ్యలో పుట్టిన ఆడపిల్లకి రెండు వైపులా ఏమీ తెలియదు. ఇదేమి సంబంధం?

మూడోది కొంచెం బరువైన మాట. చిన్నాయన అన్నారు, "పోయినామెని ఎందుకు బజారుకి ఈడుస్తావు? ఆమెకి సిగ్గు ఎక్కువ." సరే, ఆమెనే అడుగుదాము. గడ్డ ఆమెకి కూతురి పెళ్ళికి ఎనిమిది నెలల ముందే తెలుసు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకున్నారు. (నొప్పి లేని గడ్డనే ముందు చూపించాలి. ఇది మాత్రం అందరూ గుర్తు పెట్టుకోండి.) పసుపు పట్టు వేసినారు. తర్వాత "పెళ్ళి కానీ, శుభకార్యం ముందు ఆసుపత్రి మాట ఎందుకు" అన్నది ఇంటి పెద్దలు, ఆమె కాదు. పెళ్ళి అయిన తర్వాత చూస్తే చంకలోకి పాకింది. చివరి నెలల్లో ఆమె కూతుర్ని పక్కన కూర్చోపెట్టుకుని, "నువ్వు సిగ్గుపడొద్దు, చూపించుకుంటా ఉండు, నీ బిడ్డకీ చెప్పు" అన్నది. మా వదినే నాకు చెప్పింది. అత్త దాచమని ఎవరికీ చెప్పలేదు. సిగ్గు ఆమెది కాదు, మనది.

ఆ సిగ్గు మాటలోనే ఉంది. మగవాడు రొమ్ము విరుచుకుని నిలబడినాడని సభలో గట్టిగా చెప్తాము. అదే మాట ఆడదాని జబ్బుకి ముందు పెట్టాలంటే నోరు రాదు. నేను ఈ జబ్బు పేరు మొదట అరవంలో చూసినాను, హోసూరు ఆసుపత్రి గోడ మీద, మార్బగ పుట్రునోయ్ అని. తర్వాత కన్నడంలో, స్తన క్యాన్సర్ అని. ఇంటి భాషలో చివరగా విన్నాను. పాతకాలం వాళ్ళు రాచపుండు అనైనా అనేవాళ్ళు. మనం "ఆ జబ్బు" దగ్గర ఆగిపోయినాము. అత్త రిపోర్టులు ఇంగ్లీషులో, డాక్టరు మాట కన్నడంలో, ఆఫీసు కాగితాలు అరవంలో నడిచినాయి. తెలుగులో నడిచింది ఏడుపు ఒక్కటే.

పేరు చెప్పుకున్న ఇళ్ళు లేవా? చెల్లెలు క్యాన్సర్‌తో పోయిందని ముత్తులక్ష్మి రెడ్డి గారు దాచుకోలేదు, ఆ దుఃఖంతోనే పట్టుపట్టి 1954లో మద్రాసు అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరిపించినారు. ఎన్టీ రామారావు గారి భార్య బసవతారకం గారు క్యాన్సర్‌తో పోతే, హైదరాబాదు ఆసుపత్రి బోర్డు మీద ఈరోజు ఆమె పేరే ఉంది. సర్జన్ రఘురామ్ గారు, తల్లికి రొమ్ము క్యాన్సర్ వచ్చిన తర్వాత ఇంగ్లండు వదిలి వచ్చి, 2007లో ఆమె పేరుతోనే ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ పెట్టినారు. తల్లి పేరు, ఆ జబ్బు పేరు ఒకే బోర్డు మీద! ఆ ఇంటి పరువు ఎక్కడికీ పోలేదు. "వాళ్ళు పెద్దవాళ్ళు" అంటారు. నేను ఆసుపత్రి కట్టమనలేదు, పుస్తకంలో ఒక గడి నింపమన్నాను.

తెలిసి ఏమి చేస్తారు, ఖర్చు కదా అనేవాళ్ళకి ఒక సంగతి. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు ఒక అధ్యయనం చేసినారు. లక్షన్నర మంది ఆడవాళ్ళు. సగం మందికి రెండేళ్ళకి ఒకసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేత్తో రొమ్ము పరీక్ష చేసినారు, మెషీన్ లేదు. 50 దాటినవాళ్ళలో చావులు దాదాపు 30 శాతం తగ్గినాయి. అంతకంటే చిన్న వయసువాళ్ళలో ఆ తేడా కనిపించలేదు, అది కూడా చెప్పాలి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 30 దాటినవాళ్ళకి ఈ పరీక్ష ఉంది. ఇంటికే వైద్యం తెచ్చే "మక్కళై తేడి మరుత్తువం" పథకాన్ని 2021 ఆగస్టు 5న స్టాలిన్ గారు మొదలుపెట్టింది మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. బీపీ, షుగరు చూసేవాళ్ళు వాకిట్లోకి వస్తా ఉన్నారు. వాళ్ళని అడగాలన్నా మన నోరు తెరవాలి.

పుస్తకం ఫైలు నా దగ్గరే ఉంది, టైపు చేసింది నేనే కాబట్టి. అత్త పేరు, పుట్టిన ఏడు, జబ్బు, 46, 48 వేసేసినాను. తీసేయమని రెండుసార్లు ఫోన్ వచ్చింది, తీయలేదు. తేరుకి వచ్చేటప్పుడు మీ మీ ఇళ్ళలో పోయిన ఆడవాళ్ళ పేర్లు, ఏమి వచ్చి పోయినారో, ఎన్నో ఏట బయటపడిందో రాసుకుని రండి. పేరు వేయొద్దంటే వేయను, వయసూ జబ్బూ అయినా ఇవ్వండి. అవ్వ చెల్లెలి గడి ఇంకా ఖాళీగా ఉంది. బేరికె పక్క మనవాళ్ళలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.