రోకలి పట్టనివారి రుచి వాదన

మిక్సీలొచ్చి రుచి పోయిందని, అమెరికా మోజులో మన తిండి చెడిందని, ఆడవాళ్ళకి ఒళ్ళు వంగడం లేదని వింజమూరు బజారులోనూ అంటారు, నెల్లూరు సభల్లోనూ అంటారు. అనేవాళ్ళలో చాలామంది పెద్దలు. వాళ్ళ మీద గౌరవం ఉంది. ఆ మాట మాత్రం తప్పు, పైగా అన్యాయం.

ముందు తిండి సంగతి. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో జొన్న సంగటిలోకి నంజుకున్నది శనక్కాయల పచ్చడి, మిరపకాయల కారం. మిరప, వేరుశనగ, టమాటా మూడూ అమెరికా ఖండాల పంటలే. 1492 తర్వాతే అవి సముద్రాలు దాటాయి. శ్రీనాథుడు మిరపకాయ ఎరగడు, ఆయన కాలంలో కారమంటే మిరియమే. అంత దూరపు పంటల్ని సొంతం చేసుకున్న వంట ఇప్పటి రాకపోకలకే చెడిపోతుందా?

వరన్నం కూడా మెట్టలో తాతల నాటి రోజువారీ తిండి కాదు. పండగకో, చుట్టాలొస్తేనో వండేవాళ్ళు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక పేదిళ్ళలో అన్నం అలవాటైంది. జొన్న, సజ్జ, కొర్ర వెనకబడటం నిజంగా నష్టమే. కానీ ఆ నష్టం వంటింట్లో జరిగింది కాదు, పంట ధరల్లో, రేషన్ సరుకుల్లో జరిగింది.

ఇక రోలు. తొలికోడికి లేచి, జొన్నల మీద నీళ్ళు చిలకరించి, రోట్లో దంచి పొట్టు వదిలించాలి. చేటతో చెరిగి, ఇసుర్రాయిలో విసరాలి. కంప పొయ్యిని ఊదుగొట్టంతో ఊది, ఉడికే కుండను అదిమిపట్టి తెడ్డుతో గెలకాలి. అరచేతులు కాయలు కాసేవి, పొగకి కళ్ళు మండేవి. ఇదంతా చేసి మళ్ళీ చేలో పనికి పోవాలి. కోయంబత్తూరులో పుట్టిన గ్రైండరు, తర్వాత మిక్సీ, 1999లో దీపం పథకంతో వచ్చిన గ్యాసు పొయ్యి ఆ ఆడవాళ్ళ నడుములకి కాస్త ఊరటనిచ్చాయి. రుచి పోయిందని బాధపడేవారిలో రోకలి పట్టినవారెందరు?

యంత్రాల మీద అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: వాటివల్ల ఎవరి పని తగ్గింది? అమెరికా ఇళ్ళ చరిత్ర రాసిన రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే దాన్ని ఎత్తిచూపింది. పొయ్యిలు మారి, కుళాయిలు వచ్చాక కట్టెలు కొట్టే, నీళ్ళు మోసే పని మగవాళ్ళకి, పిల్లలకి తప్పింది. తల్లి పని గంటలు మాత్రం పెద్దగా తగ్గలేదు. మన దగ్గరా అంతే. మిక్సీ వచ్చాక ఒక పచ్చడి చాలడం లేదు, మూడు కావాలంటున్నాం.

1965లో అమెరికా వలస చట్టం మారాక తెలుగువాళ్ళ ప్రయాణం పెరిగి, ఇప్పుడు ఈ మెట్ట ఊళ్ళనీ తాకింది. అక్కడ గదుల్లో ఉండే కుర్రాళ్ళు వంతులేసుకుని కుక్కరు పెడతారు, పప్పు తాలింపేస్తారు, గిన్నెలు తోముతారు. సెలవుకి ఇంటికొస్తే మాత్రం కంచం ముందు కూర్చుంటారు, అమ్మ నిలబడి వడ్డిస్తుంది. వలస నేర్పిన మంచిపనిని గడప దాటి రానివ్వనిది మనమే.

పాత రుచి కావాలంటే అడగండి, తప్పు లేదు. కొర్రకి, జొన్నకి గిట్టుబాటు ధర కోసం సర్కారుని నిలదీయండి. రోటి పచ్చడి మీద మనసైతే రోలు కడిగి, మీరే నూరండి. ఆడవాళ్ళని నిందించడం మాత్రం ఆపండి.