వరి పండే నేలలో రక్తం లేని తల్లులు

నారుమడిలో లేత ఆకులు పాలిపోయి తెల్లబడితే మన రైతులకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఇనుప ధాతు లోపమని చూడగానే గుర్తుపడతాం. అన్నభేది తెచ్చి, నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తాం. మడి మళ్లీ పచ్చబడే దాకా రోజూ పోయి చూసుకుంటాం. అదే ఇంట్లో కడుపుతో ఉన్న కోడలు ముఖం పాలిపోయి, నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడి, కళ్లు తిరిగి గోడ పట్టుకుంటే మాత్రం "కడుపుతో ఉన్నోళ్లకు ఇవన్నీ మామూలే" అనే మాట వినిపిస్తుంది. అది మామూలు కాదు. అదీ ఎక్కువగా ఇనుము లోపమే. దాన్ని రైతు సంఘం పట్టించుకోవాల్సిన సమస్యగానే మేము చూస్తున్నాం.

లెక్కలు చూడండి. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో 53.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు సర్వేలో అది 48.2 శాతం. అంటే తగ్గాల్సింది పెరిగింది. అయిదేళ్ల లోపు పిల్లల్లో అయితే నూటికి 70 మందికి రక్తం తక్కువ. గర్భిణికి డెసిలీటరు రక్తంలో 11 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. 7 కంటే తగ్గితే ప్రాణం మీదికొచ్చినట్టే. రక్తం తక్కువున్న తల్లికి నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. కాన్పులో మామూలుగా పోయే రక్తాన్ని కూడా ఆమె తట్టుకోలేదు. బిడ్డ ఇనుము నిల్వలు కూడా తల్లి నుంచే రావాలి కాబట్టి లోటు అక్కడితో ఆగదు, తర్వాతి తరానికి అప్పుగా మిగులుతుంది.

మరి మన ప్రాంతం సంగతేమిటి? 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద నిడమనూరు, హాలియా, త్రిపురారం, మిర్యాలగూడ, కోదాడ వైపు మెట్ట నేలలు మాగాణి అయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు లేచాయి. కాలువ మనకు అన్నం పెట్టింది, కాదనలేం. కానీ వరి వచ్చిన చోటల్లా జొన్న, సజ్జ, కంది, పెసర వెనక్కి పోయాయి. చేను మారితే కంచం కూడా మారింది.

ఆ మార్పు ఎంతో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన పట్టికలు చెబుతాయి. వంద గ్రాముల తెల్లబియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములు. జొన్నల్లో 3.95, రాగుల్లో 4.62, సజ్జల్లో 6.42. గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాముల ఇనుము కావాలని అదే సంస్థ చెబుతోంది. అర కిలో బియ్యం వండుకు తిన్నా మూడు మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువే వస్తుంది తప్ప అవసరం తీరదు. ధాన్యంలోని ఇనుములో ఒంటికి పట్టేది కొంతే కాబట్టి పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం ఉండాలి, నిమ్మకాయ పిండుకోవాలి. అన్నభేదిలో నిమ్మ ఉప్పు ఎందుకు కలుపుతామో తెలిసిన రైతుకు ఈ మాట విడమరచి చెప్పక్కర లేదు.

2025 ఉగాదినాడు రేషన్ సన్నబియ్యం పథకం మన పక్కనే హుజూర్‌నగర్‌లో మొదలైంది. మనిషికి నెలకు ఆరు కిలోలు. పేదలు మంచి బియ్యం తినడం సంతోషమే. కానీ సన్నదైనా దొడ్డుదైనా మిల్లులో పాలిష్ పట్టాక బియ్యంలో ఇనుము పెద్దగా మిగలదు. దానికి మందుగా కేంద్రం 2021 ఆగస్టు 15న బలవర్ధక బియ్యం ప్రకటించింది. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము కలపాలన్నది ప్రమాణం. కొన్నిచోట్ల ఆ గింజలను ప్లాస్టిక్ బియ్యమనుకుని ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కావు, పారేయవద్దు. అయితే బియ్యంలో మందు కలిపాం కాబట్టి పప్పు, చిరుధాన్యాలు అడగవద్దంటే మాత్రం ఒప్పుకోం.

తిండి ఒక పక్క, పని ఇంకో పక్క. నాట్ల కాలంలో ఆడవాళ్లు తెల్లారకముందే లేచి వండిపెట్టి ముఠాలో పోతారు. పొద్దుందాకా బురదలో వంగి నాటేస్తారు. ఎకరానికి ఇంత అని గుత్త పని కాబట్టి చేయి నెమ్మదించిన మనిషిని ముఠాలో కలుపుకోరు. అందుకే మూడో నెల, నాలుగో నెల వచ్చినా కడుపుతో ఉన్న సంగతి బయటపెట్టరు. చెప్తే కూలి పోతుంది. మలం కలిసిన మట్టిలో ఒట్టి కాళ్లతో తిరిగేవారికి కొంకి పురుగులు పట్టి పేగుల్లో రక్తం తాగుతాయి. ఇంటికొచ్చాక అందరూ తిన్నాక మిగిలింది తినడం, దాని మీద టీ తాగడం. టీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. దీనికి తోడు చిన్నవయసు పెళ్లిళ్లు. 20–24 ఏళ్ల మహిళల్లో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని అదే సర్వే చెప్పింది. ఒంట్లో ఎదుగుదల ఆగకముందే ఒక కాన్పు, అది కోలుకోకముందే ఇంకో కాన్పు అయితే రక్తం ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రభుత్వం ఏమీ చేయలేదని మేము అనడం లేదు. 2015 జనవరి 1 నుంచి ఆరోగ్య లక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు పప్పన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలతో ఒక పూట భోజనం ఉంది. మంచి పథకం. చిక్కల్లా ఆ భోజనం మధ్యాహ్నం కేంద్రంలో కూర్చుని తినాలి. ఆ వేళకు కూలి తల్లి పొలంలో ఉంటుంది. ఎవరికి రక్తం అందరికంటే తక్కువో ఆమెకే ఆ గుడ్డు అందదు.

ఇనుము మాత్రలూ అంతే. రోజుకొకటి చొప్పున కాన్పుకు ముందు 180 రోజులు, కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాలి. ఉచితంగానే ఇస్తారు. కడుపులో తిప్పుతుందని, మలబద్ధకమని, మలం నల్లగా వస్తుందని, బిడ్డ నల్లగా పుడుతుందని చూరులో దాచేస్తారు. మలం నల్లబడటం వల్ల ప్రమాదం లేదు. మాత్రకు బిడ్డ రంగుతో సంబంధం లేదు. రాత్రి తిన్న తర్వాత వేసుకుంటే వికారం తగ్గుతుంది. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు, టీకి దూరంగా ఉంచాలి. నులిపురుగుల మందు మూడు నెలలు దాటాక డాక్టరు చెప్పినట్టు వేసుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. ఆ రోజు కూలికి పోవద్దు, పంపవద్దు. (అన్నట్టు, సర్కారు మాత్రలోని ఇనుము కూడా అన్నభేది జాతిదే. అట్లని ఎరువుల దుకాణంలోది మింగకూడదు, అది విషం.)

ఆఫీసులో, కంపెనీలో పనిచేసే తల్లికి 26 వారాల జీతంతో సెలవు అని 2017లో చట్టం సవరించారు. మంచిదే. నాటేసే తల్లికి ఏముంది? 2013 ఆహార భద్రత చట్టం నాలుగో సెక్షన్ ప్రతి గర్భిణికీ ఉచిత భోజనం, 6000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం హక్కుగా రాసింది. హక్కంటే దయతలచి ఇచ్చేది కాదు, అడిగి తీసుకునేది.

అందుకే మా డిమాండ్లు ఇవి. నాట్లు, కలుపు, కోతల కాలంలో ఆరోగ్య లక్ష్మి భోజనాన్ని పొద్దున్నే క్యారియర్‌లో ఇవ్వాలి, లేదా సాయంత్రం పెట్టాలి. ఆ అదనపు పనికి అంగన్‌వాడీ టీచరుకు, ఆయాకు అదనపు వేతనం ఇవ్వాలి. కాన్పుకు ముందు, తర్వాత కూలి కోల్పోయే నెలలకు కూలి రేటు లెక్కన పరిహారం ఇవ్వాలి. రేషన్‌లో బియ్యంతో పాటు కందిపప్పు, సజ్జలు, జొన్నలు ఇవ్వాలి. 2025–26లో సజ్జలకు మద్దతు ధర క్వింటాలుకు 2775 రూపాయలు, కందులకు 8000. కాగితం మీద ధర ఉంటే చాలదు. వడ్లకు తెరిచినట్టే వీటికీ ఊరి దగ్గర కొనుగోలు కేంద్రాలు తెరవాలి. సన్నవడ్లకు 500 బోనస్ ఇచ్చే సర్కారు చిరుధాన్యాలకు ఎందుకు ఇవ్వకూడదు?

సర్కారు చేయాల్సినవి ఇవైతే, మన చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. నాట్లు పెట్టించే రైతులు ముఠాలోని గర్భిణికి వంగే పని, మోసే పని తప్పించి కూలి తగ్గించకుండా ఇవ్వాలి. కాలువ చివరి భూముల్లో, నీరందని చెలకల్లో కొంత కంది, సజ్జ వేసి ఇంటికి సరిపడా దాచుకోవాలి. గట్ల మీద మునగ చెట్లు పెట్టుకోవాలి. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి అందరితో పాటు, అందరికంటే ముందు తినాలి. ప్రతి గ్రామ కమిటీ వచ్చే నెల సమావేశానికి ముందు ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును కలవాలి. ఊళ్లో ఎంతమంది గర్భిణులున్నారు, ఎంతమందికి భోజనం అందుతోంది, మాత్రలు నిల్వ ఉన్నాయా అన్న మూడు లెక్కలు తీసుకురావాలి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. ఆ అంకెలతోనే మండల ఆఫీసు ముందు నిలబడదాం.