వాడని కార్డుకు కాపలా ఎందుకు?

ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతం ఖాతాతో పాటు వచ్చిన క్రెడిట్ కార్డు ఒకటి. మాల్‌లో ట్రాలీ బ్యాగు ఇస్తామంటే సంతకం పెట్టి తీసుకున్నది ఇంకొకటి. పెట్రోలు మీద తగ్గింపు ఉంటుందని తీసుకున్నది మరొకటి. రోజూ వాడేది మాత్రం ఒక్కటే. మిగతావి ఉంచాలా, క్లోజ్ చేయించాలా అని ఎవరినడిగినా వచ్చే జవాబు ఒకటే: ‘ఉండనీయండి, తీసేస్తే సిబిల్ స్కోరు పడిపోతుంది.’ ఈ సలహాలో నిజం సగమే. ఆ సగం నిజాన్ని పట్టుకుని జనం ఏటేటా అక్కర్లేని ఫీజులు కడుతున్నారు. కొందరు ఏ స్కోరు కోసం భయపడ్డారో ఆ స్కోరునే పోగొట్టుకుంటున్నారు.

ముందు నిజమైన సగం చూద్దాం. మీకున్న మొత్తం లిమిట్‌లో ఎంత వాడుతున్నారన్నది స్కోరు లెక్కలో ఒక ముఖ్యమైన అంశం. 30 శాతం లోపు ఉంటే మంచిదన్నది బ్యాంకింగ్ రంగంలో అందరూ చెప్పే మాట. మూడు కార్డుల మీద కలిపి 4 లక్షల లిమిట్ ఉండి, నెలకు 80 వేలు వాడుతున్నారనుకోండి, అది 20 శాతం. అందులో 2 లక్షల లిమిట్ ఉన్న కార్డు తీసేస్తే, అదే 80 వేలు 40 శాతమవుతుంది. మీ ఖర్చు రూపాయి కూడా పెరగకపోయినా, మీరు అప్పు మీద ఎక్కువగా ఆధారపడుతున్నట్టు రిపోర్టులో కనిపిస్తుంది. అయితే దీనికి విరుగుడు ఉంది. స్టేట్‌మెంట్ రాకముందే కొంత మొత్తం కట్టేస్తే ఆ శాతం దిగుతుంది. ఉంచుకున్న కార్డుకు లిమిట్ పెంచమనీ అడగవచ్చు. పైగా ఒకే బ్యాంకులో రెండు కార్డులుంటే చాలాసార్లు రెండింటికీ కలిపి లిమిట్ ఒకటే ఉంటుంది. అలాంటప్పుడు ఒకటి తీసేసినా తగ్గేదేమీ లేదు. ఈ సంగతి ముందే కనుక్కోవాలి.

ఇక నిజం కాని సగం. కార్డు మూసిన మర్నాడే పదేళ్ల చెల్లింపుల చరిత్ర చెరిగిపోతుందని చాలామంది నమ్ముతున్నారు. అలా జరగదు. సక్రమంగా కట్టి మూసిన ఖాతా ‘క్లోజ్డ్’ అని రిపోర్టులో ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. అసలు స్కోరు అక్కరకొచ్చేది అప్పు కోసం వెళ్లినప్పుడు. ఇల్లు కట్టుకుని, పిల్లల పెళ్లిళ్లు చేసి, పెన్షన్ మీద బతుకుతున్న పెద్దాయనకు ఇకమీదట ఏ రుణమూ అవసరం లేదనుకుందాం. స్కోరులో నాలుగు పాయింట్లు పోతాయని ఆయన ఏటా వెయ్యి రూపాయల ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ కట్టడం ఎవరి లాభానికి? ఆ 1,180 రూపాయలు ఆయన మందులకు పనికొస్తాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది విదేశాలకు వెళ్లిన మన పిల్లల సంగతి. హైదరాబాద్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసి, తర్వాత ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లిన కుర్రాడి కార్డు ఇక్కడ అలాగే ఉండిపోతుంది. వెళ్లేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. కొన్నాళ్లకు రీఛార్జి లేక సిమ్ ఆగిపోతుంది. ఆ తర్వాత ఆ నంబరు ఇంకొకరి చేతికి వెళ్తుంది. మొదటి ఏడాది ఉచితమన్న కార్డుకు రెండో ఏడాది ఫీజు పడుతుంది. మెసేజ్ అతనికి చేరదు, మెయిల్ ఎక్కడో అడుగున ఉండిపోతుంది. కట్టలేదని లేట్ ఫీజు, దాని వెనకే వడ్డీ. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3.5 శాతానికి అటూ ఇటూ ఉంటుంది, అంటే ఏడాదికి 40 శాతం పైమాటే. 590 రూపాయలతో మొదలైన బాకీ నెలనెలా పెరుగుతూ, ఎగవేతగా క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కుతుంది. ఏళ్ల తర్వాత అతను తిరిగొచ్చి ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు గానీ ఈ సంగతి బయటపడదు. గృహరుణం వడ్డీని చాలా బ్యాంకులు స్కోరు చూసే నిర్ణయిస్తున్నాయి. 50 లక్షల మీద పావు శాతం తేడా అంటే మొదటి ఏడాదే దాదాపు 12,500 రూపాయలు. విదేశం వెళ్తున్న పిల్లల పచ్చళ్లు, పొడులు తూకం వేసి మరీ సర్దే తల్లిదండ్రులు, ఆ వారంలోనే ఒక గంట కూర్చుని వాళ్ల కార్డుల లెక్క కూడా తేల్చాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఫీజు ఉండి, వాడకం లేని కార్డును తీసేయండి. ఫీజు లేని పాత కార్డయితే ఉంచుకోవచ్చు, కానీ దాన్ని గాలికి వదలొద్దు. యాప్‌లో విదేశీ లావాదేవీలు, ఆన్‌లైన్ వాడకం ఆపేసే వీలుంది, ఆపండి. ఏడాదిలో ఒకటి రెండుసార్లు చిన్న బిల్లు కట్టి, ఆ బాకీ వెంటనే తీర్చేయండి. రాబోయే ఆరు నెలల్లో ఇంటికో, కారుకో లోన్ తీసుకునే ఆలోచన ఉంటే మాత్రం అది చేతికొచ్చేదాకా దేన్నీ కదపకండి.

తీసేయాలనుకున్నాక కస్టమర్ కేర్‌తో పడాల్సిన పాట్లు చాలామందిని వెనక్కి లాగుతాయి. ‘ఈ ఏడాది ఫీజు మాఫీ చేస్తాం సార్, ఉంచుకోండి’ అంటారు. మాఫీ ఈ ఏటికే. వచ్చే ఏడు మళ్లీ పడుతుంది. 2022 జులై నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనలు ఈ విషయంలో మన పక్షానే ఉన్నాయి. బాకీ లేకపోతే, అడిగిన 7 పనిదినాల్లో కార్డు మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మనకు కట్టాలి. పోస్టులోనే ఉత్తరం పంపాలని పట్టుబట్టకూడదు; యాప్‌లోనో, మెయిల్‌లోనో అడిగితే చాలు. అందుకే ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు, తేదీ నిలిచేలా రాతపూర్వకంగా అడగండి. అంతకంటే ముందు ఆ కార్డుకు కట్టిపెట్టిన కరెంటు బిల్లు, ఓటీటీ చందా, బీమా ప్రీమియం వేరే చోటికి మార్చుకోండి. ఈఎంఐలు మిగిలి ఉన్నాయేమో చూడండి, రివార్డ్ పాయింట్లు వాడేయండి. మూసినట్టు లెటర్ తీసుకోండి. నెలా రెండు నెలలు ఆగి క్రెడిట్ రిపోర్టు తెరిచి చూడండి. సిబిల్ సహా నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. వివరాలకు 14448కి ఫోన్ చేయవచ్చు, ఫిర్యాదుకు ఖర్చేమీ లేదు.

ఏడాదికి పైగా వాడని కార్డును ఖాతాదారుకు తెలియజేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే, బాకీ లేకుంటే బ్యాంకే మూసేయాలన్న మాట కూడా ఆ రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. ఆ తెలియజేయడం ఖాతాదారుకు అర్థమయ్యే భాషలో జరగాలి. ఏడాదంతా ఒక్కసారీ గీకని కార్డు మీద అడగకుండా ఫీజు వేయడాన్ని రిజర్వు బ్యాంకు నిషేధించాలి.